అక్క పాడిన రెండు లైన్లు

ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వైరును చొక్కా లోపలినుంచి జేబులోకి దింపి, ఆపైన హెల్మెట్ తగిలించుకున్నాడు. కుడి చెవి రోడ్డుకి, ఎడమ చెవి మ్యాప్‌కి. ఈ పంపకం ఎప్పుడో జరిగిపోయింది. బండి వెనక కట్టిన నల్లపెట్టెలో ఆ పొద్దుటికి నాలుగు కట్టుడు పళ్ళ సెట్లు, ఏడు పంటి తొడుగులు ఉన్నాయి. ఒక్కోదాన్నీ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మీద డాక్టరు పేరు, పేషెంటు వయసు రాశారు. పళ్ళు తయారుచేసే ల్యాబులో అతనిది మోసే పని. చేసినవి క్లినిక్కులకు ఇవ్వాలి, అక్కడ తీసిన నోటి అచ్చుల్ని తడి దూదిలో చుట్టి వెనక్కి తేవాలి. ముప్పావుగంట దాటితే అచ్చు ఎండి కుంచించుకుపోతుంది. ఆ అచ్చుతో చేసిన పళ్ళు ఎవరి నోట్లోనూ పట్టవు.

యాభై ఆరేళ్ళ మనిషి. గడ్డం కింద హెల్మెట్ పట్టీ ఒరిసి నల్లటి గీత పడింది. క్లచ్ నొక్కి నొక్కి ఎడమచేతి చిటికెనవేలు వంకర తిరిగింది. క్లినిక్కుల్లో అందరూ అతన్ని పళ్ళాయన అంటారు. "పళ్ళాయనా, మీ నోట్లోవి సొంతవేనా?" అని కౌంటర్లో అమ్మాయి అడిగితే, "ఊళ్ళో సగంమంది నవ్వులు నా పెట్టెలో తిరుగుతున్నాయమ్మా, నా నవ్వు ఎవడిక్కావాలి" అంటాడు. పదేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరికీ విసుగు రాలేదు.

ఊళ్ళో అతనికి తెలియని సందు లేదు. కళ్ళకు గంతలు కట్టినా ఏ క్లినిక్కుకైనా పోగలనని గొప్పగా చెప్పుకుంటాడు. అయినా ల్యాబు యజమాని ఆరేళ్ళ కిందట అందరి ఫోన్లలోనూ యాప్ పెట్టించాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ అది దారి చెబుతూనే ఉండాలి. గొంతు ఆపేస్తే యజమాని తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది, మరు నిమిషం ఫోను మోగుతుంది. అప్పట్నుంచీ ఒక ఆడగొంతు అతని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. దానికి కోపం రాదు, అలసట రాదు. దారి తప్పినా తిట్టదు. భార్య దానికి 'చెవిలో ఆవిడ' అని పేరు పెట్టింది. "ఆవిడ చెబితే ఎంత బుద్ధిగా తిరుగుతారో! నేను చెబితే మాత్రం చెముడు" అంటుంది.

ల్యాబు గేటు దాటగానే అలవాటుగా పాట నొక్కాడు. రోజూ ముందు అదే పాట. ముప్పై ఏళ్ళ కిందట వచ్చి, వారం తిరక్కుండానే పోయిన సినిమాలోది. అతని అక్క ఆ రోజుల్లో రికార్డింగ్ స్టూడియోల్లో కోరస్ పాడేది. పదిమందితో పాటు మైకుకి దూరంగా నిలబడి 'ఆ' అనో 'ఓ' అనో అనడమే ఉద్యోగం. ఆ ఒక్క పాటకి మాత్రం అసలు గాయనికి జలుబు చేసి రెండో చరణంలో గొంతు పలకలేదు. మళ్ళీ స్టూడియో తీసుకునే స్తోమత నిర్మాతకి లేదు. "నువ్వు అనవమ్మా" అని కోరస్‌లోంచి అక్కని పిలిచారు. రెండు లైన్లు పాడింది. క్యాసెట్ మీద పేరు వెయ్యలేదు. సాహిత్యం కూడా గొప్పదేం కాదు. వాన, కిటికీ, ఎదురుచూపు. అప్పట్లో ప్రతి పాటలోనూ ఉండే సరుకే. కానీ తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి, పెళ్ళి మాటే ఎత్తకుండా, కోరస్ కూలితోనే అతనికి మొదటి బండి కొనిపెట్టిన మనిషి ఒంటరిగా పాడిన లైన్లు ఈ లోకంలో ఆ రెండే.

అసలు సంగతేమిటంటే, ఈ ఆరేళ్ళలో అతను వాటిని ఒక్కసారి కూడా వినలేదు. గేటు దగ్గర పాట నొక్కితే, పెట్రోలు బంకు కూడలికి వచ్చేసరికి సరిగ్గా రెండో చరణం వస్తుంది. అక్క గొంతు మొదలవుతుంది. వెంటనే పాట సన్నగిల్లి, "వంద మీటర్లలో ఎడమవైపు తిరగండి" అంటుంది ఆవిడ. అతను ఎడమవైపు తిరుగుతాడు. తిరిగేసరికి లైన్లు అయిపోయి వేణువు వస్తూంటుంది. ఇంటి దగ్గర వినొచ్చు కదా అంటే, మొదట్లో రేపు విందాంలే అనుకుంటూ గడిపేశాడు; ఇప్పుడు ఇంట్లో అక్క ఎదుట అది పెట్టాలంటే అతనికి చేతులాడవు. అక్కకి ఇప్పుడు గొంతు లేదు. రెండేళ్ళ కిందట పుండు లేచిందని స్వరపేటిక తీసేశారు. మెడ మధ్య చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచే వెళ్ళి వస్తుంది.

ఆ ఆడగొంతు ఎప్పటిలాగే అక్కని మింగేసింది. ఎడమవైపు తిరిగి, మూడు వీధులు దాటి, తన ఇంటి వీధి మొదలు మీదుగా వెళుతూ మెడ తిప్పి చూశాడు. గేటు మూసి ఉంది. అక్కని తీసుకెళ్ళే వృద్ధాశ్రమం బండి రావడానికి ఇంకా మూడు గంటలుంది.

ఆరునెలల కిందట అక్క బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ మంచమే. ఎత్తడం, దించడం, మెడ దగ్గర గొట్టం కడగడం, అన్నీ భార్య మీద పడ్డాయి. ఆమె చెడ్డది కాదు. ఒకరోజు పక్క మారుస్తూ నడుం పట్టేసి, నేల మీద కూలబడి ఏడ్చింది. "నేనూ మనిషినే కదండీ. మీకేం, ఎనిమిదింటికి బండెక్కి పాటలు వింటూ పోతారు" అంది.  చుట్టాలెవరో ఆశ్రమం కాగితాలు తెస్తే, అతను సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టాడు. తరవాత నెల్లాళ్ళు నిద్రపట్టలేదు. క్లినిక్కులో పనిచేసే ఆయా ఒకామెని రహస్యంగా అడిగాడు. పొద్దునా సాయంత్రం వచ్చి అక్క పనులన్నీ చూసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుని వారమైంది. ఆ మాట భార్యతో అనడానికి వారంగా నీళ్ళు నములుతున్నాడు. ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటే, ఫోనులో చెప్పే ధైర్యమే ఉంటే ఎదురుగా ఎప్పుడో చెప్పేవాడు.

ఆ పొద్దున బయల్దేరేముందు అక్క మంచం దగ్గర వంగాడు. ఆమె పెదవులు మాత్రం కదిలాయి. రోజూ అడిగేదే.

"విన్నావా?"

"విన్నానక్కా" అన్నాడు. ఆరేళ్ళుగా చెబుతున్న అబద్ధమే.

అక్క నవ్వింది. తరవాత పెదవులు మళ్ళీ కదిలాయి.

"వస్తావుగా?"

"పన్నెండులోపు వచ్చేస్తా. నేనొచ్చేదాకా నువ్వు బండెక్కకు" అన్నాడు. ఇంకో మాట కూడా గొంతుదాకా వచ్చింది. వెనకాల భార్య బట్టలు మడతపెడుతోంది. ఆ మాట మళ్ళీ లోపలికి పోయింది. మధ్యాహ్నం చెబుదాం, బండి గుమ్మంలో ఉండగా చెబితే ఎవరూ కాదనలేరు అనుకున్నాడు. పిరికివాళ్ళకి ఇలాంటి ఉపాయాలు బాగా తడతాయి.

నాలుగు క్లినిక్కులు తిరిగాడు. ఒకచోట ముసలాయన కొత్తపళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "ఇవి నావి కావేమో, మళ్ళీ చూడవయ్యా" అని తగువు పెట్టుకున్నాడు. ఇంకోచోట అచ్చు తియ్యడం ఆలస్యమైంది. తడి దూదిలో చుట్టిన మూడు అచ్చులతో ల్యాబుకి తిరిగొచ్చేసరికి పదకొండూ నలభై ఐదు. పెట్టె దించి, యజమాని గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"అరగంట ఇంటికెళ్ళొస్తా సార్. అక్కని తీసుకెళ్ళడానికి వస్తున్నారు."

యజమాని తెర మీంచి తలెత్తాడు. పదేళ్ళలో అతను మధ్యలో ఇంటికి వెళతానన్నది లేదు. "వెళ్ళు బాబాయ్. యాప్ ఆపేసుకో, లేకపోతే దారి తప్పావని నా ప్రాణం తీస్తుంది."

ల్యాబు నుంచి ఇంటికి పది నిమిషాలు. గేటు దగ్గర యాప్ ఆపి, బండి స్టార్ట్ చేసి, అలవాటు కొద్దీ పాట నొక్కాడు. నాలుగు గజాలు పోయాక తట్టింది. ఇవాళ ఆవిడ లేదు. పాట మొత్తం వినబడుతుంది.  అక్క దగ్గరికి వెళ్ళి, ఆరేళ్ళలో మొదటిసారి నిజంగా 'విన్నాను' అని చెప్పొచ్చు. 'విన్నాను, ఇంక నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఆయా వస్తుంది' అని ఆ ఊపులోనే చెప్పెయ్యొచ్చు. భార్యతో అనాల్సిన మాటలు కూడా వరసగా దొరికాయి.

పల్లవి, మొదటి చరణం అయ్యాయి. పెట్రోలు బంకు కనబడింది. తీగవాద్యాలు ఆగి, అక్క గొంతు వచ్చింది.

అతనికి ఎప్పటినుంచో గుర్తున్నంత గొప్పగా లేదు. కొంచెం సన్నటి గొంతు, మొదట్లో కాస్త బెరుకు. మొదటి లైను చివర చిన్నగా వణికింది. రెండో లైనుకి ముందు అక్క ఊపిరి పీల్చుకోవడం వినబడింది. నోటితో, ఇష్టంగా, నిండుగా పీల్చిన ఊపిరి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో లైను బెరుకు లేకుండా పైకి వెళ్ళి, నిలిచి, మెల్లగా దిగింది. వేణువు వచ్చింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి రోడ్డు పైకి లేస్తోంది. రెండు పక్కలా సిమెంటు గోడలు. అతను ఫ్లైఓవర్ మీద ఉన్నాడు.

ఎడమవైపు తిరగమని ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న వీధికి, ఆరేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు తిరిగే మలుపులో, చెవిలో మాట పడకపోయేసరికి చేతులు తిరగలేదు. ఆ ఫ్లైఓవర్ ఎక్కితే మధ్యలో దిగే దారి లేదు. రైలు పట్టాలు, గోదాములు దాటి నాలుగు కిలోమీటర్ల అవతల దిగుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి రావాలంటే మార్కెట్ రోడ్డే గతి. తల కొట్టేసినట్టయింది. "ఒరేయ్ వెధవా" అని తనని తనే పైకి తిట్టుకున్నాడు.

కానీ ఒక్క నిజం చెప్పుకోవాలి. ఆ తిట్టు నోటినుంచి రాకముందు, ఒక్క క్షణం అతని భుజాలు తేలికపడ్డాయి. భార్యకి ఎదురు నిలబడక్కర్లేదు కదా అని. అది అతనికి తెలిసింది. అందుకే అంత గట్టిగా తిట్టుకున్నాడు.

ఫ్లైఓవర్ దిగి, బండి పక్కకి ఆపి ఫోను చేశాడు. పన్నెండూ అయిదు.

"ఎక్కడున్నారు? బండొచ్చింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు" అంది భార్య.

'పంపకు' అన్న ఒక్క మాట చాలు. మూడు అక్షరాలు.

"పది నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాడు.

మార్కెట్ రోడ్డులో లారీ ఒకటి అడ్డంగా నిలిచిపోయి ఉంది. చెవిలో పాట ఎప్పుడో ఆగిపోయింది. ఇంటి వీధిలోకి తిరిగేసరికి పన్నెండూ నలభై. గేటు బార్లా తీసి ఉంది. బండి లేదు. భార్య చీపురు పట్టుకుని ముందుగదిలో ఉంది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"పావుగంట ఆపాను. ఇంక వాళ్ళు ఆగలేదు" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వదిన లోపల ఉండనంది. కుర్చీలో కూర్చోబెట్టి వీధిలోకి తీసుకెళ్ళమని సైగ చేసింది. ఎండగా ఉందన్నా వినలేదు."

అతను హెల్మెట్ తియ్యకుండా నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. తలకి హెల్మెట్ ఉండడంతో, ఎవరో చూసుకోకుండా స్పీకరు నొక్కాడు. క్లినిక్కు ఆయా.

"రేపట్నుంచి వచ్చెయ్యమంటారా అయ్యగారూ? మీ అక్కగారి పనికి?"

భార్య చీపురు ఆపింది. అతను ఆమెకేసి చూశాడు, ఫోనుకేసి చూశాడు. "మళ్ళీ చెబుతానులేమ్మా" అని పెట్టేశాడు.

"మనిషిని మాట్లాడారా?" అంది భార్య.  "నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా. నేనేమైనా రాక్షసినా? నడుం నొప్పన్నానుగానీ ఆవిణ్ణి పొమ్మన్నానా?"

 రేపు వెళ్ళి తీసుకొద్దాం అనుకున్నాడు. ఆ రేపు ఎలాంటిదో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఫోను మళ్ళీ మోగింది. ల్యాబు నుంచి. అచ్చు ఒకటి సిద్ధంగా ఉంది, ఎండిపోకముందే తేవాలి. బయటికి వచ్చి యాప్ తెరిచాడు. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. "నేరుగా ముందుకు వెళ్ళండి" అంది ఆవిడ. వెళ్ళాడు.

గేటు బయట, ఎండలో, ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ అలాగే ఉంది. ఆశ్రమం బండి నిలబడిన చోటికి వీపు పెట్టి, అతను రావలసిన మలుపు వైపుకి తిప్పి వేసి ఉంది.