నాలుగోనాటి బట్టి

పాలు పొంగితే అందరూ శుభమంటారు. కట్టంగూరు సడకు మీద గుర్వయ్య చాయ్ హోటల్లో పాలు పొంగితే మాత్రం అతని పెండ్లాం అండాలు గుండె గుభేలుమనేది. అది సాగర్ డ్యాము కడుతున్న కాలం. సామాను తోలే లారీలు ఆగినకొద్దీ గిన్నె పొంగేది, పొంగిన పాలు బట్టి పొయ్యి రేకు మీదికి జారి, చక్కెరతో కలిసి మాడి రాయిలా గట్టిపడేవి. బట్టి చల్లారాక అండాలే బూడిదలో ఉప్పు కలిపి తడిముద్ద మెత్తాలి. కోడికూతకు లేచి చింతపండు పిప్పితో రుద్ది, ఇటికె ముక్కతో గీకి, మట్టిగోడకు ఎర్రమన్నూ పేడా పూయాలి. తెల్లారేసరికి గుర్వయ్య మెరిసే బట్టి పక్కన గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. "హోటలంటే గిట్లుండాలె, గుర్వయ్యా" అని డ్రైవర్లంటే మీసం దువ్వుకునేవాడు. ఒకసారి అండాలు పగిలిన వేళ్లు చూపిస్తే, "బట్టి తోముడు గూడ ఒక పనేనా? మా అమ్మ ఎన్నడన్న చెప్పుకున్నదా?" అన్నాడు.

నిజమే, అత్త లక్ష్మీనర్సమ్మ ఎన్నడూ ఏమీ చెప్పుకోలేదు. కోడలికి తోమడం నేర్పింది, అంతే.

అండాలుకు నెలలో దొరికేవి ముట్టు రోజులు మూడే. పెరట్లో కొట్టం కింద దూరం కూర్చోవాలి, పొయ్యి తాకరాదు, కుండ తాకరాదు. అన్నం పైనుంచి విసురుతారని పుట్టింట్లో ఏడ్చిన పిల్లే ఇక్కడ ఆ రోజుల కోసం ఎదురుచూసేది. అవమానంలోనే ఇంత సుఖముండడమేమిటో ఆమెకు అంతుపట్టేది కాదు. ఆ మూడు రోజులూ అత్తే మోకాళ్లు పట్టుకుంటూ బట్టి తోమేది. ఆ వానకాలం అండాలుకు ఒళ్లు మరీ బరువైంది. నాలుగోనాడు చీకట్లోనే అత్త తానానికి పిలిస్తే, "ఇంకా ఆగలేదత్తా" అని అబద్ధమాడింది. ముసలామె ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, "సరే, కూసో" అని వెళ్లిపోయింది.

కాసేపటికి ఇటికె గీకుడు వినబడింది. అండాలు ప్రాణం చివుక్కుమంది. నడవలేని మనిషి నా అబద్ధాన్ని తోముతున్నదే అనుకుంది. పనిదొంగ అని తెలిస్తే పుట్టింటికి తోలేస్తారన్న భయం ఇంకోపక్క. ఆగలేక లేచి గోడపక్క నుంచి చూసింది.

బట్టి ముందు గుర్వయ్య గొంతుక్కూర్చున్నాడు, మోచేతుల దాకా బూడిద. అత్త పీట మీద ఉంది.

"ఆ మూలకు మాడున్నది, కనబడుతలేదా?"

"చింతపండు మంటబెడ్తాందే అమ్మా."

"వేళ్లు పగిలినయా?"

"పగిలినయ్."

"గా పిల్లకు దినాం పగులుతయ్. నాకు గూడ పగిలినయ్. మీ నాయినకు చెప్తె నవ్విండు. మల్ల ఎవ్వలకు చెప్పలే."

"డ్రైవర్లు జూస్తె నవ్వుతరే."

"నవ్వనీ. చాయ్ తాగి నవ్వుతరు, పైసలిచ్చి పోతరు."

అండాలుకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు నిండాయి.

ఎండ పొడిచాక లక్ష్మీనర్సమ్మ కొట్టంలోకి జొన్నరొట్టె తెచ్చి, విసరకుండా వంగి చేతిలో పెట్టబోయింది. అండాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "మైల, అత్తా."

"నిన్ననే ఆగింది గద, పిల్లా. రాత్రి నువ్వు గుడ్డలు ఉతకలే. నాకెరుక గాదా?"

అండాలు తలవంచుకుని తిట్టు కోసం కాచుకుంది.

"నేను గూడ మా అత్తకు గిట్లనే చెప్పిన" అన్నది ముసలామె. "నా కొప్పు వట్టి బట్టి కాడికి గుంజుకపోయింది. నువ్వు అబద్దం ఆడకు బిడ్డా. అలిసిపోతె అలిసిపోయిన అను. వాడు తోముతడు, నేను పక్కకు కూసుంట."

ఆకలైందని అండాలు చెప్పగలిగింది, జ్వరమొచ్చిందని చెప్పగలిగింది. ఆ ఒక్కమాటకే ఈ ఇంట్లో ఇన్నాళ్లూ చోటు దొరకలేదు. అండాలు రొట్టె తుంచి సగం అత్తకిచ్చింది. ముసలామె ఆ మైల చాప మీదే ఆమె పక్కన చతికిలబడి తినసాగింది.

"బట్టి అయింది. అండాలు వస్తాందా?" లోపలి నుంచి గుర్వయ్య అడిగాడు.

అత్త నములుతూ కోడలి వైపు చూసింది.

"నేను అలిసిపోయిన" అన్నది అండాలు, మొగనికి వినబడేట్టు.