పెద్దాయన నెత్తురు చుక్క

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లండి. మధ్యలో గొణిగితే ఊరుకునేది లేదు. జ్వరాల ఆస్పత్రిలో రోజుకి వెయ్యి స్లైడ్లు చూసే అద్దాలక్కంత అనుమానపు మనిషి భూమ్మీద మరొకతె పుట్టలేదు. ఇంటికి తాళం వేసి ఏడుసార్లు లాగేది, సగం దారిలోంచి వెనక్కొచ్చి ఎనిమిదోసారి లాగేది. ప్రతి రోగి దగ్గరా రెండు నెత్తురు చుక్కలు తీసేది. ఒకటి మైక్రోస్కోపుకి, రెండోది చెవికి. చెవి దగ్గర పెడితే చుక్కలోని మలేరియా పురుగు తన వంశం చెప్పుకునేది. ఎవరి చుక్కయినా చెప్పేదే, వినే ఓపిక ఆవిడకే ఉండేది.

ఒకరోజు ఆరోగ్యాధికారి కోటు తొడుక్కుని కాగితంతో వచ్చాడు.

"ఈ జ్వరాలన్నీ జంతుశాలలో గొరిల్లా వల్లే. మలేరియా వాటి జాతి నుంచే మనకొచ్చింది. సాయంత్రం దానికి సూది వేసి చంపేస్తాం. సంతకం పెట్టమ్మా."

గొరిల్లాని సాకేది అక్క తమ్ముడే. దాన్ని 'పెద్దాయన' అని పిలిచేవాడు. దాని చుక్క తీసుకుని రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. పెద్దాయన పాపం ఎరగడే!"

"నువ్వంటే నమ్మాలా? చిన్నప్పుడు చక్కెర పిల్లి తిందన్నావు."

మైక్రోస్కోపులో చూసింది. రోగుల నెత్తురులో ఉన్నట్టే ఉంగరాల్లాంటి పురుగులు! తమ్ముడి మొహం పాలిపోయింది. అధికారి కలం మూత తీశాడు.

అక్క రెండో చుక్కను చెవికి ఆనించింది.

"మావాడొకడు వేల ఏళ్ల కిందట దోమ కడుపులో పడి మనిషిలో దిగాడు," అంది చుక్క. "మళ్లీ మా గడప తొక్కలేదు. మేమూ వాడి గడప తొక్కలేదు."

అక్క అనుమానం అధికారి మీదికి మళ్లింది.

"ఇంత ఎండలో కోటెందుకండీ?"

"అ... అలవాటు," అన్నాడాయన పళ్లు టకటకలాడిస్తూ.

గబుక్కున ఆయన వేలు పట్టుకుని పొడిచింది.

"ఊళ్లో రోగుల్లో ఉన్నవన్నీ నా పిల్లలే," అంది ఆ చుక్క. "ఈయన పొరుగూరి పర్యటనకొచ్చినప్పుడు ఎక్కాను. ఈయన ఇంటి మూతలేని నీళ్లడ్రమ్ము దగ్గర దోమలకి కొదవా?"

"నాకు సరిగా వినపడలేదు," అన్నాడు అధికారి. "ఇంకాస్త గట్టిగా చెప్పమనండి."

చుక్క గట్టిగా చెప్పింది. వరండాలో రోగులంతా విన్నారు. అక్క అదే కాగితం తిరగేసి, ఆయనకి మాత్రలు రాసి, సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం జంతుశాలకెళ్లి, బయటివాళ్లెవరూ లోపలికి దూరకుండా బోను తాళం ఎనిమిదిసార్లు లాగి చూసింది.

అబద్ధమంటారా? సాక్షి ఇంకా ఆ బోనులోనే ఉన్నాడు, వెళ్లి అడగండి. పేరు పెద్దాయన.