మేజర్‌తో చెయ్యి కలపాలి

సంచిలో పాప గౌన్లు, సిరిల్ చొక్కాలు, మిగిలిన రొట్టె కుక్కి పట్టీ బిగిస్తూ నా భర్తతో అన్నాను. "ఓట్ల లెక్క అయిపోగానే స్టేషనుకే, సిరిల్. గెలిచినా ఓడినా సరే. గొడవ చల్లారేదాకా రెడింగ్‌లో మా అక్క దగ్గరుందాం. ఇక్కడుంటే నిన్ను బతకనివ్వరు."

"సరేలే ఐవీ. ముందు గెలవనీ."

పగిలిన కిటికీకి అట్టముక్క కొట్టి ఉంది. శనివారం ఓట్లు పడుతుండగా వచ్చిన ఇటుక పాప ఉయ్యాల పక్కనే పడింది.

ఊరి కౌన్సిల్ కట్టి అద్దెకిచ్చిన మా ఇళ్ళకూ మిట్టమీది సొంత ఇళ్ళకూ మధ్య, మేం అటు రాకుండా, మిట్టవాళ్ళు రోడ్డుకు అడ్డంగా గోడ కట్టారు. పైన గాజుపెంకులు. బస్సెక్కాలన్నా మేం ఊరంతా చుట్టి పోవాలి. గోడ పడగొట్టిస్తానని సిరిల్ కౌన్సిల్‌కు నిలబడ్డాడు. అతను గోడలకు సున్నప్పూత పూసే మేస్త్రీ. గోడ ఉండాల్సిందేనని మేజర్ థొరాల్డ్ పోటీకి దిగాడు. ఓటేసి వస్తున్న మా పక్కింటి టక్వెల్ తాతను మేజర్ మనుషులు ఇనపకమ్మీతో కొట్టారు. దవడ విరిగింది. మావాళ్ళూ ఊరుకోలేదు. అటువైపు ఒకడి చెవి తెగి వేలాడింది.

సోమవారం పొద్దున బడి హాల్లో లెక్కపెట్టారు. సిరిల్ గెలిచాడు. ఓడినవాడు వేదికెక్కి గెలిచినవాడికి చెయ్యివ్వడం మాలో మర్యాద. మేజర్ ఇవ్వలేదు. వెనక తలుపున తనవాళ్ళ క్లబ్బుకు వెళ్ళిపోయాడు.

సిరిల్ మొహం వాడిపోయింది. "చెయ్యి కలపకపోతే అదేం గెలుపే? కొట్టేసి తెచ్చుకున్నట్టుంటుంది. ఆయన రాకపోతే నేనే వెళ్తా."

"క్లబ్బుకా? మతిపోయిందా నీకు? నాకు మాటిచ్చావు!"

"ఆయన ముందుగది కప్పుకు పూత పూసింది నేనే. నన్నెరుగును. ఇట్టే వచ్చేస్తా."

టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచాడు. పాపను చంకనేసుకుని వెనకే పరిగెత్తాను. క్లబ్బు మెట్లమీద మేజర్ మనుషులు గుంపుగా ఉన్నారు.

"అదిగో, సున్నంగాడు! మనల్ని ఎక్కిరించడానికొచ్చాడ్రా!"

"అయ్యో, కాదు బాబూ. మేజర్ గారితో చెయ్యి కలిపి పోదామని."

"ఏ చెయ్యి? ఏదీ, చూడనీ."

సిరిల్ నిజంగానే చాచాడు. ఒకడు దాన్ని లాగి తలుపుసందులో పెట్టాడు. ఇంకొకడు తలుపును బూటుతో తన్నాడు. ఎముకలు విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. సిరిల్ మోకాళ్ళమీద కూలాడు. కడుపులో తన్నారు, మెడమీద తన్నారు. ఒకడి వీపుమీద పడి భుజం కొరికాను. వాడి మోచేయి తగిలి నా ముందుపళ్ళు రాలాయి. నా చంకలోంచి జారి కిందపడిన పాప ఏడుస్తూనే ఉంది. సిరిల్ లేవబోయాడు. జుట్టు పట్టి తలను మెట్టు అంచుకేసి కొట్టారు, మళ్ళీ కొట్టారు.

లోపల్నుంచి మేజర్ పరిగెత్తుకొచ్చి "ఆపండి! ఆపండిరా!" అని అరిచాడు. ఎవరూ వినలేదు. సిరిల్ కదలడం మానేశాకే ఆపారు.

అటు పోతున్న రొట్టెల బండివాడు సిరిల్‌ను బండిలో పడుకోబెట్టాడు. పాపనెత్తుకుని నేనూ ఎక్కబోతే, "చోటు లేదమ్మా, ఆసుపత్రికి నడిచి రా" అన్నాడు. బండి తలుపు మూసుకునేటప్పుడు సిరిల్ కళ్ళు తెరిచే ఉన్నాయి. నావైపే చూస్తున్నాడనుకున్నాను.

నా భర్త సిరిల్ పాస్క్ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. 1934 ఏప్రిల్ తొమ్మిది, సోమవారం.