పేరు లేని మందు

ఇరవై రెండేళ్లు వరసగా దరఖాస్తు పెడితే, ఆ ఏడు లాటరీలో ఏవిస్ టోర్గర్‌సన్‌కి కొండ పొట్టేలు వేటకు అనుమతి వచ్చింది. మోంటానాలో ఆ కాగితం జన్మకొకసారి వస్తే గొప్ప. స్కూలు బస్సు తోలే ఏవిస్ ఆ రోజు రెండు స్టాపులు దాటేసి వెనక్కి రావాల్సి వచ్చింది.

వేట శనివారం మొదలు. ఇవాళ మంగళవారం. చిక్కల్లా తుపాకీతోనే. తాత నాటి ఆ రైఫిలు ఒక్క రకం తూటా మందుతోనే గురి తప్పకుండా కొట్టేది, ఆ మందు ఈ ఏడు ఏ కొట్లోనూ లేదు. గురి కుదరకపోతే కొండెక్కనని ఏవిస్ ఒట్టు పెట్టుకుంది. దెబ్బ తిన్న జంతువు కుంటుకుంటూ పారిపోవడం ఆమె ఒకసారి చూసింది, చాలు.

మేనత్త వెర్నాతో కలిసి, ఆమె తూటాలు నింపే షెడ్డులోకి అడుగు పెట్టగానే ఏవిస్ గుండె గంతేసింది. బల్ల మీద మందు కొలిచే గొట్టం సగం నిండి ఉంది. పక్కనే ఆ దొరకని మందు పాత డబ్బా. ఖాళీదే, కానీ గొట్టంలో ఉన్నది ఇరవై తూటాలకు సరిపోతుంది.

"అత్తయ్యా, దేవుడు మన షెడ్డులోనే ఉన్నాడు," అంది ఏవిస్.

డెబ్బై నాలుగేళ్ల వెర్నా ఆ మందును అరచేతిలో పోసుకుని చూసింది. బూడిదరంగు పలుకులు. చూపుతో పోల్చగలిగేవి కావు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి, పని కాగానే మిగిలింది అందులోనే పోసేయాలి అన్నది ఆమె నలభై ఏళ్లుగా అందరికీ చెప్పే పాఠం. వసంతంలో పొరుగింటి క్లింట్ నేల ఉడతలను కొట్టడానికి చిన్న తూటాలు నింపుకున్నది కూడా ఈ బల్ల మీదే. అతని మందు గబుక్కున మండే రకం. పెద్ద తూటాలో పడితే తుపాకీయే పేలిపోతుంది.

"ఇది ఎవరిదో నాకు గుర్తు లేదే," అంది వెర్నా. ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది.

అత్తదే అయ్యుంటుందని ఏవిస్ బతిమాలింది. పక్కన డబ్బా ఉందిగా అంది.

"డబ్బా సాక్ష్యం చెప్పదు. పేరు తెలియని మందుకి నీ మొహం పక్కన చోటు లేదు." వెర్నా బయటికి నడిచి దాన్నంతా రూబార్బ్ కూరమొక్కల మడిలో చల్లేసింది. "మొక్కలకి ఎరువు. తప్పు నాది, తినేది అవి."

ఏవిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కానీ అత్త అప్పటికే తూటాల కొలతలుండే లోడింగు పుస్తకం తెరిచింది. ఊళ్లో దొరికేవి రెండే రకాలు. ఒకటి తొందరగా మండేది, ఒకటి నిదానంగా మండేది. బరువైన గుండుకి ఏది మేలో ఏవిస్‌కి చప్పున తట్టింది. పిల్లలతో నిండిన బస్సుని ఎత్తు మీద ఒక్క ఊపున ఉరికిస్తే మధ్యలో ఆగిపోతుంది, నిదానంగా తోలుకుంటూ పోతేనే పైకెక్కుతుంది.

"నిదానందే," అంది.

"బస్సు కూడా కాస్త చదువు చెప్పిందే నీకు," అంది వెర్నా.

కొత్త డబ్బా తెచ్చి, పుస్తకంలో ఉన్న అతి తక్కువ కొలతతో మొదలుపెట్టి, అది చెప్పిన హద్దు లోపలే కొంచెం కొంచెం పెంచుతూ మూడేసి తూటాలు నింపారు. వెర్నా చేతులు వణుకుతాయి గనక తూకమంతా ఏవిస్‌దే.

గురువారం గురి మైదానంలో మొదటి మూడూ చెల్లాచెదురయ్యాయి. తర్వాతి మూడూ కాస్త దగ్గరకొచ్చాయి. ఆఖరి జట్టు పేల్చాక ఏవిస్ దుర్భిణిలో చూసి నీరుగారిపోయింది. గురి అట్ట మీద ఒక్కటే చిల్లు.

"రెండు అట్టకే తగల్లేదు," అంది.

ఇద్దరూ నడిచి వెళ్లారు. వెర్నా కళ్లజోడు సర్దుకుని, చిల్లు అంచు మీద వేలు తిప్పింది. మూడు రేకుల పువ్వులా ఉంది అది. ఒకదాన్ని ఒకటి కొరుక్కున్న మూడు చిల్లులు.

వెర్నా జేబులోంచి తెల్ల టేపు ముక్కా కలమూ తీసి మేనకోడలికిచ్చింది.

"మందు పేరు రాయి. ఇంటికెళ్లగానే గొట్టానికి అతికించు," అంది. "తర్వాత బూట్లు తుడుచుకో. ఎల్లుండి ఎక్కే కొండ ఎత్తు."