చక్కగా లేదన్న మాట

వాక్కుకమ్మవైన భారతీ! నా నోట
మాట జారు వేళ మరల దిద్దు
కంటికందుదానికన్నను మనసుకు
నందు నందమెల్ల నరయనిమ్ము

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడిని కనుక, ‘అందం’ అనే పేరుతో జనగామలో చిత్ర ప్రదర్శన పెడుతున్నామనీ, ప్రారంభోపన్యాసం చేయాలనీ మెహనాజ్ అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఆమె మహబూబాబాద్‌లో బడిపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతుంది. మూడు జిల్లాల నుంచి పదకొండు మంది కళాకారులను ఆమే కూడగట్టింది. స్టేషను దగ్గరి ఫంక్షన్ హాలే వేదిక. అలంకారశాస్త్రం తిరగేసి నేను నలభై నిమిషాల ప్రసంగం సిద్ధం చేసుకున్నాను.

ప్రదర్శన నాటి ఉదయం అందరికంటే ముందు వెళ్లాను. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే రాజేందర్, డ్యూటీ దిగి వచ్చే తోటివారి ముఖాలను బొగ్గుపొడితోనే గీశాడు. మెహనాజ్ మిర్చి యార్డును ఒక్క ఎరుపు రంగుతో చిత్రించింది. మూలగోడకు మరొకటి వేలాడుతోంది. రెండు యూరియా సంచులను విప్పి, జతచేసి, వాటి నిండా అద్దాలు కుట్టారు. అది మరిపెడ పక్క తండాలో ఉండే కమ్లీ అనే లంబాడీ వృద్ధురాలి పని. అది ఎడమవైపుకు బెత్తెడు దిగి ఉంది.

నిచ్చెన మీద టెంటుహౌస్ మేస్త్రీ నరేశ్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా పెళ్లి పందిళ్లు కట్టిన చేయి అతనిది.

“నరేశ్, ఆ మూలది చక్కగా లేదయ్యా, చూడు” అని చెప్పి, ప్రసంగం మరొకసారి చదువుకోవడానికి పక్కగదిలోకి వెళ్లాను.

వంకర సరిచేయమనే నా ఉద్దేశం. మా ప్రాంతంలో ‘సక్కగ’ అంటే తిన్నగా అని అర్థం, అందంగా అనీ అర్థం. జీవితమంతా నానార్థాలు బోధించిన నాకు ఆ క్షణంలో ఆ రెండో అర్థం తోచలేదు.

పదకొండు గంటలకు మెహనాజ్ రైలు దిగిన కమ్లీని వెంటబెట్టుకొని వచ్చింది. గదిలోంచి నేను చూస్తూనే ఉన్నాను. చేతుల నిండా గాజులతో, పండుగకు కట్టే బట్టలతో వచ్చింది ముసలామె. బొగ్గు ముఖాల ముందు ఆగింది. ఎర్రటి చిత్రం ముందు ఆగింది. హాలంతా ఒక చుట్టు తిరిగి, మూలగోడకున్న ఒంటి మేకు దగ్గర నిలబడింది.

“నాది ఏదీ, బిడ్డా?”

మెహనాజ్ గబగబా మూలకు వచ్చింది. “నరేశన్నా! ఇక్కడిది ఏమైంది?”

నరేశ్ మడత కుర్చీల వెనక నుంచి ఒక మూట తీసుకొచ్చాడు. “పైలంగనే పెట్టిన అక్కా. సారే తీసెయ్యమన్నడు.”

నేను బయటికి వచ్చాను. “నేనెప్పుడు తీసెయ్యమన్నానయ్యా?”

“సక్కగ లేదంటిరి గద, సారూ! అంత సదువుకున్నోళ్లు సక్కగ లేదన్నంక నేనెట్ల ఉంచుత?”

కమ్లీ నావైపు ఒక్కసారి చూసి, నరేశ్ చేతిలోని మూటను అందుకొని చంకలో పెట్టుకుంది. “నిజమే లే. యూరియా సంచి గద. నేను ముందే జెప్పిన బిడ్డా, నగుతరని. నువ్వే ఇనకపోతివి. బండి ఎన్ని గంటలకున్నది?”

“అది కాదమ్మా,” అన్నాను. “ఒకవైపుకు దిగి ఉందని చెప్పాను. బాగాలేదని కాదు.”

వెనక నుంచి రాజేందర్ అందుకున్నాడు. “సారూ, వంకర ఉంటే వంకర అనాలె. మా గనిల గిట్ల మాట్లాడితే పైకప్పు మీద వడ్తది.”

నరేశ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కమ్లీ మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

“వంకర ఉన్నదని అన్నవా? వంకరనే ఉంటది మరి.” మూట విప్పి నేలమీద పరిచింది. “గీ ఎడమ దిక్కువన్నీ మా యాడి లంగవి. మా అమ్మవి, సారూ. మందం అద్దాలు, బరువుంటయ్. గీ కుడి దిక్కువి మొన్న బజార్ల కొన్నయి, కాయితమోలె ఉంటయ్. నువ్వెంత గుంజినా తిన్నగ రాదు.” తర్వాత నా కళ్లలోకి సూటిగా చూసి అడిగింది. “ఇగ జెప్పు. సక్కగున్నదా, లేదా? జర ఒక్క మాట జెప్పు.”

నలభై నిమిషాల ప్రసంగం నా సంచిలో ఉంది. అందులో ఆమెకు చెప్పదగిన మాట ఒక్కటీ లేదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఆ సంచుల పక్కన కూర్చున్నాను. కొత్త అద్దాలలో నా ముఖం ఉన్నది ఉన్నట్టు కనిపించింది. పాత అద్దాలు కొంచెం పచ్చబారాయి. వాటిలో నా ముఖం నీటి అడుగున ఉన్నట్టుగా, మెత్తగా కనిపించింది. ఆ అద్దాలలో ఒకప్పుడు ఎన్ని పొలాలు, ఎన్ని ముఖాలు మెరిసి ఉంటాయో అనుకున్నాను.

“వంకరగా ఉందమ్మా,” అన్నాను. “అందంగా ఉంది. తప్పు నా మాటది.”

“గీ ముక్క పొద్దుగాల జెప్తే నాకు నిచ్చెన దిగి ఎక్కుడు తప్పుతుండె గద, సారూ!” అన్నాడు నరేశ్.

అప్పుడు కమ్లీ నవ్వింది. నిచ్చెన రెండు మెట్లెక్కి, నరేశ్ పైకి అందిస్తుంటే మేకుకు తానే తగిలించింది. అతడు కుడివైపు ఏదైనా బరువు కడతానన్నాడు.

“వద్దు కొడకా. మా యాడి దిక్కుకే ఒరగనియ్.”

మధ్యాహ్నం మైకు ముందు నేను అలంకారశాస్త్రం ఎత్తలేదు. పొద్దున్న అన్న ఒక్క మాటనూ, అది చేసిన పనినీ చెప్పి కూర్చున్నాను. ఆ తరువాత జనమంతా మూలగోడ దగ్గరే గుమిగూడారు. ఒరిగిన ఆ అద్దాలలో తమను తాము చూసుకోవడానికి ప్రతివారూ మెడ కాస్త ఎడమకు వాల్చారు. వారిలో నేనూ ఉన్నాను. కమ్లీ మూడు గంటల బండిని పోనిచ్చి, సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుకొని, వాలిన మెడలను చూస్తూ కూర్చుంది.

ఈ కథ చెవినపడిన వారందరినీ వాగ్దేవి కాపాడుగాక! వారి నోటి మాట ఎవరి కష్టాన్నీ గోడ మీది నుంచి దించకుండుగాక! ఒకవేళ దించినా, దానిని తిరిగి ఎత్తే మాట కూడా ఆ నోటికే అందుగాక!