కొండలో కలిసిపోయిన ఇల్లు

కొండ వాలులో కొన్న స్థలంలో తనకూ అక్కకూ ఇల్లు గీసిపెట్టమని బావ అడిగినప్పుడు చెల్లెలు ఒక్కటే షరతు పెట్టింది: కొండను తవ్వకూడదు. ఆమె ఆర్కిటెక్టు. ఆ వాలులో మట్టి వదులు. పైపొర తీస్తే వానకు జారిపోతుందని అక్కడ మొదటిసారి నడిచినప్పుడే ఆమెకు అర్థమైంది.

"సరే. మేం పడుకోడానికి చోటుంటే చాలు," అన్నాడు బావ.

ఏడాదికి పైగా తల బద్దలు కొట్టుకుంది. గదులను వాలు వెంట మెట్లు మెట్లుగా దించి, సన్నని స్తంభాల మీద నిలబెట్టింది. వాననీరు ఇంటి కింద నుంచి తన దారిన తాను పోయేలా ఖాళీ వదిలింది. కప్పు మీద మట్టి పోయించి అక్కడి గడ్డే నాటించింది. ఒక చెట్టు అడ్డొస్తే వంటగది గోడనే వంచింది. ఇల్లు పూర్తయ్యాక బావ కింద రోడ్డు మీద నిలబడి కళ్ళు చికిలించి వెతుక్కున్నాడు.

"ఇల్లు కట్టావా, దాచిపెట్టావా మరదలా?"

చూడటానికి జనం వచ్చారు. స్థలాల బ్రోకరు కూడా మనుషులను వెంటేసుకుని వచ్చేవాడు. "చూశారుగా, కొండకేమైనా అయిందా? ఎంచక్కా కట్టుకోవచ్చు," అనేవాడు. అప్పటిదాకా ఎవరూ కన్నెత్తి చూడని ఆ వాలు, ఎండలు పోకముందే ముక్కలై అమ్ముడుపోయింది.

పై ముక్క కొన్న బట్టల వ్యాపారి ఆమె దగ్గరకే వచ్చాడు.

"అచ్చం మీ అక్కగారి ఇల్లులాంటిదే కావాలమ్మా. కాకపోతే ముందు కాస్త చదును చేయిద్దాం. కారు తిప్పుకోవాలి కదా."

"పైన కోస్తే కింద జారుతుందండీ."

"మరి మీవాళ్ళు కట్టుకోలేదా?" వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

ఆమె గీయనంది. ఇంకెవరో గీశారు. ఆ తవ్వకం ఆపించాలని ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. "మీకిచ్చినట్టే ఆయనకీ అనుమతి ఇచ్చాం మేడమ్," అన్నాడు అధికారి.

పైన పొక్లెయిన్ దిగింది. తొలి వానలకే ఎర్రటి బురద స్తంభాల మధ్యకు వచ్చి నీటి దారిని పూడ్చేసింది. బావా, ఆమే పారలు పట్టుకున్నారు. ఎత్తిపోసిన కొద్దీ దిగుతూనే ఉంది. ఒక స్తంభం కాస్త ఒరిగింది.

"ఏదో ఒకటి చెయ్యవే. ఇవన్నీ తెలిసినదానివి కదా," అంది అక్క గుమ్మంలోంచి.

"తెలుసక్కా," అంది ఆమె. మళ్ళీ పార అందుకుంది.

వానలు తగ్గేదాకా అనుకుని అక్కావాళ్ళు ఊళ్ళో అద్దె ఇంటికి మారారు. ఇరుకు గదిలో సామాను దించుకుంటూ అక్క ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "మంచం ఎటు వేయమంటావే?" అని మాత్రం అడిగింది.

చెల్లెలు గది నాలుగు వైపులా చూసింది.

"ఎటైనా వెయ్యక్కా."