రోజుకు జానెడు

మిట్టమధ్యాహ్నం. తాడు బిగిసి ఉంది.

చలికాలపు ఎండ దాని మీద పడుతోంది. ఒక కొస ఇనుప గుంజకు ఉంది. ఇంకో కొస లోపల ఎక్కడో, అమ్మ నడుముకు ఉంది. నడుమ ఒక పిచ్చుక వాలబోయి, ఏమనుకుందో, ఎగిరిపోయింది.

తాడు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది తాడమ్మ.

ఆమె అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లే లేరు.

ఎదురుగా... అది.

కొలవడానికి వచ్చినవాళ్లు దాన్ని కట్టడం అన్నారు. ఎవరు కట్టారో తెలియనిదాన్ని కట్టడం అనడమేమిటో. మనుషుల చేతిపని మాత్రం కాదు. ఒకరోజు తెల్లవారి జనం నిద్ర లేచేసరికి అక్కడ ఉంది. మబ్బుల్లోకి పోయే గోడ. బూడిద రంగు. ఆ చివరి నుంచి ఈ చివరికి బస్సులో పోతే ఒక పూట పడుతుంది. కింద ఒక నోరు. తలుపు లేదు, గడప లేదు, గొళ్లెం లేదు.

లోపల కాలం వేరు.

పొద్దున ఆ నోట్లో దూరిన పిచ్చుక మధ్యాహ్నానికి రెక్క ఎత్తుతుంది. సాయంత్రానికి దించుతుంది. పిల్లలు బడికి పోతూ చూస్తారు, బడి నుంచి వస్తూ చూస్తారు. అదే పిచ్చుక, అక్కడక్కడే.

ఇప్పుడు ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఆ రోజు నలుగురు వెళ్లారు. నాలుగు తాళ్లు. అరగంట లోపలికి నడిచి, కొలతలు రాసుకుని, వెనక్కి తిరగాలి. అదీ పని. గొలుసు పట్టి పొలాలూ రోడ్లూ కొలిచే ఉద్యోగం అమ్మది. ఇల్లు ఆ నోటికి కూతవేటు దూరం.

అమ్మకు ముప్పై ఏళ్లు. కూతురికి ఎనిమిది.

“పొయ్యి మీద పాలున్నాయే. పొంగగానే దించెయ్. నేను ఇట్టే వచ్చేస్తా,” అంది అమ్మ.

ఇట్టే.

ఆ మాట అని ఇరవై ఆరేళ్లు.

నలుగురూ ఆ నోట్లో అడుగు పెట్టారు. పెట్టిన అడుగు గాల్లోనే నిలిచిపోయింది. నేలకు ఆనలేదు. గంట గడిచినా ఆనలేదు. చూస్తున్నవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లాగండి, లాగండి అని ఎవరో అరిచారు. మొదటి తాడును ఇరవై మంది పట్టి లాగారు. తెగింది. రెండోది. తెగింది. మూడోది... కొసలు కమురు వాసన వేస్తూ వచ్చి ఒళ్లో పడ్డాయి. మనుషులు రాలేదు.

నాలుగోది తాత చేతిలో ఉంది.

తాత, అంటే అమ్మ నాన్న, బావుల మనిషి. పూడిక తీయడానికి దిగినవాళ్లకు పైన తాడు పట్టేవాడు. నలభై ఏళ్లు పట్టాడు. ఆ పనికి ఒకటే కట్టుబాటు — లోపలి మనిషి రెండుసార్లు గుంజితేనే పైవాడు లాగాలి. అంతదాకా పిడుగు పడ్డా లాగకూడదు. వదలకూడదు.

“నా కూతురు గుంజలేదు. నేను లాగను,” అన్నాడు.

ఇరవై మందీ మీదికి వచ్చారు. ఆయన తాడు నడుముకు చుట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. పిచ్చి ముసలాడన్నారు. కన్నకూతురన్న జాలి లేదన్నారు. అననీ.

చదువుకున్నవాళ్లు తరువాతెప్పుడో తీరిగ్గా లెక్క తేల్చారు. బయట ఐదు రోజులు గడిస్తే, లోపల గడియారం ఒక్కసారి టిక్కుమంటుంది. అంతే. బయట ఇరవై మంది ఒక్క ఊపున లాగితే లోపలికి అది పిడుగుపాటు. తాడేం ఆగుతుంది?

ఆ ముసలాడి మొండితనం వల్ల ఒక్క తాడు మిగిలింది. చదువుకున్నవాళ్లెవరూ వచ్చి ఆయనకు ఆ మాట చెప్పలేదు.

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మాడిపోయాయి. కూతురు అమ్మ పాదాన్నే చూస్తూ నిలబడిపోయింది.

మొదటి ఏడాదంతా అమ్మ వీపు కనబడేది. ఒక్క అడుగు పడాలంటే రెండు రోజులు పైనే. సోమవారం ఎడమకు ఊగిన జడ గురువారానికి కుడికి వచ్చేది. ఆ వీపును చూస్తూ కూతురు ఎక్కాలు వల్లించింది. పాలపళ్లు ఊడాయి, కొత్తవి వచ్చాయి. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఎలా చూస్తుంది? ఆమె బయలుదేరి అప్పటికి నిమిషం దాటిందో లేదో.

తరువాత మలుపు వచ్చింది. వీపు పోయింది.

తాడు మిగిలింది.

రోజుకు జానెడు. అంతే లోపలికి పోయేది. అది అమ్మ నడక.

తాడు చాలకపోతే పేనాలి. తాత నేర్పాడు. జనపనార నానబెట్టడం, పురి ఎక్కించడం, పాత పురి విప్పి కొత్తదాన్ని అందులో కలిపెయ్యడం... అతుకు ఎక్కడో తెలియకూడదు. అన్నిటికంటే ముందు, తాడు పట్టుకుంటే అవతలి బరువు తెలియాలి. ఒకరా, ఇద్దరా, నిలబడ్డారా, నడుస్తున్నారా.

“చెవితో కాదే. అరచేత్తో విను,” అనేవాడు.

పోయే ముందు కూడా తాడు మనవరాలి చేతిలో పెట్టి, పట్టు సరిగ్గా ఉందో లేదో చూసి, అప్పుడు కళ్లు మూశాడు.

పెళ్లి చేసుకుంటామని ఒకరిద్దరు వచ్చారు. నేను వంట చేసేటప్పుడు తాడు మీరు పట్టుకుంటారా అని అడిగింది. టీ గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయారు. ఆ గ్లాసులు కడిగి మళ్లీ తాడు దగ్గరికి వచ్చింది. బాధ లేదా అంటే ఉంది. ఎందుకుండదు?

తోడుగా ఉన్నది కాపలా బాబాయి ఒక్కడే. ఆ నోటి ముందు కంచె వేసి, సర్కారు ఆఫీసు కాపలాకు పెట్టిన మనిషి. రోజూ రిజిస్టరులో తాడు ఎంత కదిలిందో రాయడం ఆయన డ్యూటీ.

“మీ అమ్మ నడక చూస్తే నత్తకు కూడా నవ్వొస్తుంది తాడమ్మా. నా సర్వీసంతా అయిపోవచ్చింది, పట్టుమని మూడు కిలోమీటర్లు నడవలేదు,” అనేవాడు.

“నీ రాతకంటే నయంలే బాబాయ్,” అనేది ఆమె.

నిరుడు ఎండలు ముదిరేవేళ తాడు ఆగింది.

జానెడు లేదు. బెత్తెడు లేదు. అసలు లేదు.

చలనం లేదు, అని రాశాడు బాబాయి. మర్నాడూ అదే. నెల గడిచింది. వాన వచ్చింది, పోయింది. చలనం లేదు. చలనం లేదు. చలనం లేదు. పది నెలలు.

ఇరవై ఆరేళ్లు గుర్రుపెట్టి నిద్రపోయిన ఆఫీసు అప్పుడు లేచింది. కాగితం పంపింది. చలనం లేని పక్షంలో తాడు కోసి, ఆ నోరు కాంక్రీటుతో మూసివేయవలెను.

ఆ కాగితం వచ్చిన వారానికి తాడు బిగిసింది.

మంచుకు బిగిసింది, అని రాశాడు బాబాయి. ఆయన తప్పేం లేదు. జనప తాడు తడిస్తే బిగుస్తుంది. తాడు పని ఎరిగినవాళ్లెవరైనా ఆ మాటే అంటారు. ఎరగనివాడైతే ఇంకోలా అనుకునేవాడేమో. తాడమ్మ కూడా మొదటి రోజు మంచే అనుకుంది. గుండె రాయి చేసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెయ్యి వేసి చూసింది.

పొడిగా ఉంది. మంచు ఆరి రెండు గంటలైంది. తాడు మాత్రం బిగిసే ఉంది.

ఐదు రోజులు అలాగే ఉంది. ఆరో రోజు వదులైంది. ఐదు రోజులు వదులుగా ఉంది. మళ్లీ బిగిసింది...

ఒకటి.

రెండు.

“తాతా, గుంజింది,” అంది పైకే. వినడానికి తాత లేడు. అయినా అంది.

ఇదిగో, ఈ మిట్టమధ్యాహ్నమే జీపు వచ్చింది. వెనక కాంక్రీటు లారీ, తిరుగుతూ. ఇద్దరు మనుషులు, చేతిలో కత్తెరలాంటి పెద్ద కట్టరు.

“చూడండమ్మా, మాకూ తల్లులున్నారు,” అన్నాడు కొత్త ఆఫీసరు. మంచివాడే. గొంతు తగ్గించి మాట్లాడాడు. “పది నెలలుగా కదలిక లేదు. ఇప్పుడు బిగిసింది మంచుకి. మీ రిజిస్టరే చెబుతోంది కదా.”

“మిట్టమధ్యాహ్నం మంచేంటి సార్? ఒకసారి చెయ్యి వేసి చూడండి.”

ఆయన వేశాడు. ఒక్క క్షణం ఆగాడు. తీసేశాడు.

“ఆర్డరుంది,” అన్నాడు.

ఆమె తాడు రెండు చుట్లు నడుముకు చుట్టుకుంది. తాత కూర్చున్న చోటే, తాత కూర్చున్నట్టే, చతికిలబడింది.

“కొయ్యండి సార్. కానీ నాకు ఇవతల కొయ్యండి. అవతల కొయ్యాలంటే ముందు నన్ను దాటాలి.”

భయం లేక కాదు.  అది ఎవరికీ కనబడనివ్వలేదు.

కట్టరు పట్టుకున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లారీ తిరుగుతూనే ఉంది.

అప్పుడు కంచె దగ్గర కుర్చీ కిర్రుమంది. బాబాయి లేచాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలు తడి చేసుకుని రిజిస్టరు తిప్పాడు. పదిహేను రోజుల వెనక్కి వెళ్లి ఒక గీత కొట్టాడు. ఇంకో గీత. ఏదో రాశాడు.

“ఏం రాస్తున్నారు మీరు?” అన్నాడు ఆఫీసరు.

“నా తప్పు దిద్దుకుంటున్నా సార్. అది మంచు కాదు. రెండు గుంజులు. లాగమంది.” కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. “మీ ఆర్డరులో చలనం లేని పక్షంలో అనుంది. చలనం ఉంది. అయినా కోస్తానంటే కొయ్యండి. అదీ ఇందులోనే రాస్తా, మీ పేరుతో సహా.”

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. పెన్షనుకు రెండు నెలలుంది.

ఆఫీసరు ఆ పేజీని రెండుసార్లు చదివాడు. ఆకాశంలోకి పోయిన గోడను చూశాడు. తాడును చూశాడు.

“నెలాఖరుకు మళ్లీ వస్తాను. పైవాళ్లు ఊరుకోరు,” అన్నాడు.

“రండి సార్. మేం ఎక్కడికి పోతాం?” అంది తాడమ్మ, నేల మీద నుంచే.

జీపు పోయింది. లారీ పోయింది. దుమ్ము కొంచెంసేపు ఉండి, అదీ పోయింది.

ఆమె లేచి తాడును రెండు చేతులా పట్టుకుంది. కళ్లు మూసుకుని అరచేత్తో వింది.

బరువు.

అమ్మ బరువు కాదు. అమ్మ బరువు ఆమెకు తెలుసు, ఇరవై ఆరేళ్లుగా తెలుసు. ఇది ఒకరిది కాదు. ఇద్దరిదీ కాదు.

నలుగురు.

అరగంట నడిచారు. తిరుగుదామని ఆగారు. చీకట్లో తాళ్లు తడుముకుంటే మూడు తెగి ఉన్నాయి. ఉన్నది ఒకటే. నలుగురూ ఆ ఒక్కదాన్నే పట్టుకున్నారు. వాళ్లకు పట్టింది ఒక్క నిమిషం... ఆ నిమిషాన్నే ఆఫీసు పది నెలలు చలనం లేదని రాయించింది.

“బాబాయ్, నలుగురూ ఉన్నారు,” అంది.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది కూడా రాశాడు.

ఇక లాగాలి. గబగబా కాదు. ఒక్క ఊపు ఎక్కువైనా అది లోపల పిడుగే. మనుషులు నడిచే వేగానికి, వాళ్ల నడకను చేత్తో కనిపెడుతూ. రోజుకు జానెడు.

అంటే ఇంకో ఇరవై ఆరేళ్లు.

ఆ నోట్లోంచి అమ్మ బయటికి వచ్చేసరికి కూతురికి అరవై. అమ్మకు ముప్పై. జడ అలాగే నల్లగా ఉంటుంది. ఎదురుగా తల నెరిసిన ముసలమ్మను చూసి, ఎవరండీ మీరు, మా పాప ఏదీ అంటుంది. అననీ. అప్పుడు చూపించడానికి ఒక గిన్నె ఉంది. అడుగు మాడిన పాలగిన్నె. ఎన్నేళ్లైనా తోమలేదు.

చూశావా, దించడం మరచిపోయాను, అంటుంది. తిట్టవే అమ్మా, అంటుంది.

చేతులు అప్పటిదాకా ఆగుతాయో లేదో. ఆఫీసు ఆగనిస్తుందో లేదో. నెలాఖరుకు జీపు వస్తుంది. ఆ పై నెలా వస్తుంది.

రానీ.

మర్నాడు మంచు కురిసింది. ఆరింది. పిచ్చుకలు కంచె మీద గోల చేస్తున్నాయి. ఆమె కాలు గుంజకు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా... మెల్లగా...

జానెడు.

మిట్టమధ్యాహ్నం. తాడు బిగిసి ఉంది. ఈసారి రెండు వైపుల నుంచీ.